సామాను ఎవరి పూచీ?

2025 డిసెంబరులో నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి లోక్‌సభలో ఒక ప్రశ్న అడిగారు. విమానాశ్రయాల్లో ఉన్నట్టుగా రైళ్లలో కూడా లగేజీ నిబంధనలు అమలు చేస్తారా అని. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులో తరగతుల వారీగా పరిమితులు చెప్పారు. సెకండ్ క్లాసులో 35 కిలోలు ఉచితం, స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 40, సెకండ్ ఏసీలో 50, ఫస్ట్ ఏసీలో 70. అంతకు మించితే లగేజీ రేటుకు ఒకటిన్నర రెట్లు కట్టాలి. ఇందులో కొత్తదేమీ లేదు, ఏళ్ల తరబడి రైల్వే పుస్తకాల్లో ఉన్న అంకెలే. అయినా పేపర్లో చూసి జనం ఉలిక్కిపడ్డారంటే కారణముంది. మన దేశంలో రైలెక్కే వాళ్లలో ఎక్కువమంది పెట్టేబేడా ఎవరూ ఎప్పుడూ తూచి ఎరగరు.

చర్చంతా తూకం చుట్టూనే తిరిగింది. కానీ విమానం మన బ్యాగును తూచడంతో ఆగదు. దాన్ని చేతిలోంచి తీసుకుని, తీసుకున్నట్టు ఒక కాగితం ఇస్తుంది. ఆ కాగితం ఇచ్చిన క్షణం నుంచి బ్యాగు దాని పూచీ. రైలుకూ విమానానికీ సామాను విషయంలో పోలిక పెట్టాలంటే కిలోల దగ్గర కాకుండా ఈ పూచీ దగ్గర పెట్టాలని నా అభిప్రాయం.

ముందు ఆ కాగితాన్నే చూద్దాం. శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ పక్కనున్న బెల్టు మీద బ్యాగు పెడతాం. తూకం తెర మీద పడుతుంది. చిన్న ప్రింటరు లోంచి పొడుగాటి అంటుకునే పట్టీ వస్తుంది, దాన్ని పిడి చుట్టూ తిప్పి అతికిస్తారు. దాని మీద బార్‌కోడు, దిగాల్సిన విమానాశ్రయం పేరు మూడక్షరాల్లో, కింద పదంకెల నంబరు ఉంటాయి. ఆ పదింటిలో మొదటిది పోగా తర్వాతి మూడూ విమాన సంస్థ గుర్తు. 098 ఉంటే ఎయిరిండియా, 312 ఉంటే ఇండిగో. చివరి ఆరూ ఆ బ్యాగుకే చెందిన వరస సంఖ్య. అదే నంబరున్న చిన్న ముక్క మన బోర్డింగ్ పాస్ వెనక అతికిస్తారు. విమాన సంస్థల ప్రపంచ సంఘం ఐఏటీఏ 2018 జూన్ నుంచి అమల్లోకి తెచ్చిన 753వ తీర్మానం ప్రకారం నాలుగు చోట్ల బ్యాగు జాడ నమోదు కావాలి: కౌంటర్లో తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, మరో సంస్థకో విమానానికో బదిలీ చేసినప్పుడు, చివర ప్రయాణికుడికి అప్పగించినప్పుడు. తప్పిపోతే ఎక్కడ తప్పిపోయిందో వెనక్కి వెతుక్కుంటూ పోవడానికి ఆనవాళ్లుంటాయి.

రైల్వేకు కూడా ఇలాంటి కాగితం ఒకటుంది. అదే లగేజీ టికెట్టు. బండి బయల్దేరడానికి కనీసం అరగంట ముందు స్టేషన్లో లగేజీ ఆఫీసుకో పార్సిల్ ఆఫీసుకో సామాను తీసుకెళ్లి, ప్రయాణం టికెట్ చూపించాలి. తూచి, డబ్బు కట్టించుకుని, ఎన్ని పెట్టెలో మూటలో రాసి టికెట్ ఇస్తారు. సామాను బ్రేక్ వ్యాన్‌లో, అదే బండిలో వస్తుంది. దిగాక ఆ టికెట్ చూపించి విడిపించుకోవాలి. ఇంత వ్యవస్థ ఉందని చదువుకున్న వాళ్లలోనే చాలామందికి తెలియదు. తెలిసిన వాళ్లకు కూడా అది గుర్తొచ్చేది ఒక్క సందర్భంలోనే: బైకు పంపాల్సి వచ్చినప్పుడు.

హైదరాబాద్‌లో ఉద్యోగం మారి విశాఖకో బెంగళూరుకో వెళ్లే కుర్రాడిని అడిగితే పార్సిల్ ఆఫీసు ఎక్కడుందో చెబుతాడు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఇవ్వాలి. ఆఫీసు బయటే గోనెపట్టాలు, పురికొసలు పట్టుకుని ప్యాకింగ్ చేసే మనుషులుంటారు. అద్దాలు విప్పి, హెడ్‌లైటుకూ హ్యాండిల్‌కూ గడ్డి దట్టించి, గోనె చుట్టి దబ్బనంతో కుట్టేస్తారు. చివర ఒక అట్టముక్క మీద మార్కర్‌తో ఎక్కడి నుంచి ఎక్కడికో పెద్దక్షరాలతో రాసి కట్టేస్తారు. అదే అట్టముక్క ఆ బండికి ట్యాగు. మనం కూడా అదే రైల్లో వెళ్తూ టికెట్ చూపిస్తే అది లగేజీ, మనం వెళ్లకుండా పంపితే పార్సిల్. లగేజీ మనతోనే దిగుతుంది, పార్సిల్ మాత్రం వ్యాన్‌లో చోటు చూసుకుని వస్తుంది. ఈ తేడా కౌంటర్లో అడిగితే తప్ప చెప్పరు. బైకు కోసం ఇంత శ్రమ పడే మనిషి సూట్‌కేసు కోసం ఆ గడప ఎప్పుడూ తొక్కడు. విమానాశ్రయంలో పెద్ద పెట్టె ఉంటే చెకిన్ కౌంటర్ దాటకుండా లోపలికి పోలేం. స్టేషన్లో పార్సిల్ ఆఫీసు వైపు చూడకుండానే జీవితమంతా ప్రయాణం చేయొచ్చు.

ఇక చట్టం సంగతి. నాకు అసలైన తేడా కనబడేది ఇక్కడే.

1929 నాటి వార్సా ఒప్పందం అంతర్జాతీయ విమానయానానికి తొలి బాధ్యతా చట్టం. 1934లో మన దేశంలోనూ చట్టమైంది. అందులో 4వ అధికరణం చాలా గట్టిది. విమాన సంస్థ రసీదు ఇవ్వకుండా బ్యాగు తీసుకుంటే, నష్టపరిహారం మీద ఒప్పందం ఇచ్చిన పరిమితులు ఆ సంస్థకు వర్తించవు. రసీదు ఇవ్వకపోతే నష్టపోయేది సంస్థ. మన రైల్వే చట్టం, 1989లో 100వ సెక్షన్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తుంది. రైల్వే ఉద్యోగి సామాను బుక్ చేసుకుని రసీదు ఇచ్చి ఉంటే తప్ప, అది పోయినా పాడైనా రైల్వేకు బాధ్యత లేదు. రసీదు లేకపోతే నష్టపోయేది ప్రయాణికుడు. ఒకే రకం కాగితం, దాని లేమికి శిక్ష మాత్రం రెండు చోట్లా రెండు పక్షాలకు.

తర్వాత వచ్చిన 1999 మాంట్రియల్ ఒప్పందం ఆ పాత శిక్షను తీసేసింది. భారత్ అందులో 2009లో చేరింది. రసీదు ఇవ్వకపోయినా ఇప్పుడు పరిమితి వర్తిస్తుంది. అయినా మూలం చెడలేదు. చెకిన్ చేసిన బ్యాగు సంస్థ అధీనంలో ఉండగా పోతే, తప్పు ఎవరిదని ప్రయాణికుడు రుజువు చేయనక్కర్లేదు. బ్యాగులోనే లోపముంటే తప్ప సంస్థ బాధ్యత తప్పించుకోలేదు. చేతిలో ఉంచుకున్న బ్యాగు సంగతి వేరు. దానికి నష్టం జరిగితే సంస్థ తప్పుందని తేలాలి.

రైల్లో వెంట ఉంచుకున్న సామానుకు చట్టం చెప్పేది కూడా దాదాపు అదే. రైల్వే వాళ్ల నిర్లక్ష్యమో దుష్ప్రవర్తనో కారణమని నిరూపించాలి. కాబట్టి రైల్వే చట్టం మరీ అన్యాయమైనదని నేను అనను. కాకపోతే చట్టం దృష్టిలో రైల్లో మన వెంట ఉన్న సామానంతా హ్యాండ్ బ్యాగేజే. బెర్తు కింద తోసిన 40 కిలోల ట్రంకు పెట్టె కూడా, విమానంలో ఒళ్లో పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు కూడా ఒకే కోవకు వస్తాయి. ఒకటి రెండు గంటలు కళ్లెదుట ఉండే వస్తువుకు పెట్టిన సూత్రాన్ని, రాత్రంతా నిద్రపోతూ, స్టేషను స్టేషనుకూ మనుషులు ఎక్కి దిగే బోగీలో ప్రయాణించే వాళ్లకు వర్తింపజేస్తున్నాం. కింది బెర్తుల కింద ఇనప రింగులు బిగించి ఉండటమూ, ప్లాట్‌ఫారం మీద గొలుసులూ తాళాలూ అమ్మేవాళ్లు ఉండటమూ ఇందుకే. ఆ రింగు రైల్వే చెప్పే మాట: కట్టుకోవడానికి చోటు నాది, కాపలా నీది.

2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఈ మాటను తీర్పుగా చెప్పింది. రైల్లో నిద్రపోతుండగా నడుముకు కట్టుకున్న లక్ష రూపాయలు పోయాయని ఒక వ్యాపారి వేసిన కేసు అది. వినియోగదారుల కమిషన్లు ఆయన వైపు తీర్పిచ్చాయి. తన వస్తువులను తాను కాపాడుకోలేకపోతే రైల్వే సేవల్లో లోపం అనలేమని సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. నడుముకు కట్టుకున్న డబ్బు విషయంలో ఆ తర్కం ఒప్పుకోవచ్చు. అయితే రిజర్వేషన్ బోగీలోకి టికెట్ లేని మనుషులు చొరబడితే అడ్డుకోవాల్సింది ప్రయాణికుడు కాదు కదా. అలాంటి కేసుల్లో కమిషన్లు పరిహారం ఇప్పించిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ రుజువు భారమంతా కూతురి పెళ్లికి చీరలు కొనుక్కుని తిరిగొచ్చే తల్లి నెత్తిన పడుతోంది. ఆమె కోర్టుకు వెళ్తుందా?

సరే, జాగ్రత్తగా లగేజీ బుక్ చేసి రసీదు తీసుకున్నామే అనుకుందాం. విలువ ముందుగా ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే, పోయిన లగేజీకి రైల్వే ఇచ్చే గరిష్ఠ పరిహారం కిలోకు 100 రూపాయలు. ఆ నిబంధన 1990 నాటిది. 15 కిలోల పెట్టె మొత్తం మాయమైతే 1,500 రూపాయలు. అదే 15 కిలోల బ్యాగు దేశీయ విమానంలో పోతే, పౌర విమానయాన శాఖ 2019లో విడుదల చేసిన ప్రయాణికుల చార్టర్ ప్రకారం 20,000 రూపాయల వరకు రావచ్చు. అంతర్జాతీయ ప్రయాణంలో పరిమితిని ఎస్‌డీఆర్ అనే లెక్కలో చెబుతారు. 2024 డిసెంబరు 28 నుంచి అది మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే దాదాపు 2 వేల డాలర్లు. మాంట్రియల్ పరిమితిని ఐదేళ్లకోసారి ద్రవ్యోల్బణాన్ని బట్టి సమీక్షించాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. 2019లో 1,288 ఉన్నది 1,519 అయింది అందుకే. రైల్వే నిబంధనల్లో అలాంటి ఏర్పాటు లేదు.

ఇంతవరకు చదివితే విమానం పక్షాన మాట్లాడుతున్నట్టుంటుంది. కానీ విమానానికి ఈ క్రమశిక్షణ మర్యాద కొద్దీ రాలేదు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ దగ్గర సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న సూట్‌కేసును వాంకూవర్‌లో చెకిన్ చేసిన మనిషి విమానం ఎక్కలేదు. బ్యాగు మాత్రం ఎక్కింది. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని బ్యాగును వెతికి దించాలన్న నియమం ప్రపంచమంతటా గట్టిపడింది ఆ తర్వాతే. బోర్డింగ్ ముగిశాక కూడా విమానం కదలకుండా ఎవరి బ్యాగో దించుతున్నారని విసుక్కునే వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. రైలు కూడా ఇలాంటి గాయాలు తిన్నదే. 2007 ఫిబ్రవరిలో పానిపట్ దగ్గర సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో సూట్‌కేసుల్లో పెట్టిన బాంబులకు 68 మంది బలయ్యారు. అయినా రైల్లో బ్యాగుకూ మనిషికీ ముడి పడలేదు. పడటం కష్టం కూడా. దేశీయ విమాన ప్రయాణికుల సంఖ్య ఒక రోజులో 5 లక్షలు దాటింది మొదటిసారిగా 2024 నవంబరు 17న. రైళ్లలో రోజూ ప్రయాణించేవాళ్లు 2 కోట్లకు పైనే. వీళ్లందరి సామానూ బెల్టు మీద పెట్టి పంపాలంటే ఏ స్టేషనూ చాలదు.

అందుకే స్టేషను గేటు దగ్గర తూకం యంత్రాలు పెట్టాలన్న ఆలోచనకు నేను పూర్తిగా వ్యతిరేకిని. మన దేశంలో రైలు చేసే గొప్ప మేలు ఆ తూకం లేకపోవడంలోనే ఉంది. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబం గిన్నెలు, బియ్యం మూట, దుప్పట్లు, ప్లాస్టిక్ బకెట్లతో సహా ఇల్లంతా కట్టుకుని బండెక్కుతుంది. శ్రీకాకుళం నుంచి దూరప్రాంతాలకు పనికి పోయే వాళ్లదీ అదే తీరు. సెకండ్ క్లాసు టికెట్‌తో 35 కిలోలు ఉచితం, మరో 10 కిలోల దాకా పట్టువిడుపు కూడా ఉంది. విమానంలో మామూలు టికెట్‌కు చెకిన్ 15 కిలోలు, చేతిలో 7. దాటితే కిలోకు వందల రూపాయలు.

పైగా విమానం సామాను ఆకారాన్ని కూడా తనే నిర్ణయిస్తుంది. 2017 మార్చిలో దుబాయ్ విమానాశ్రయం, ఒక్క వైపయినా చదునుగా లేని బ్యాగులను తీసుకోబోమని ప్రకటించింది. గుండ్రటి మూటలు యంత్రాల్లో ఇరుక్కుని బెల్టులు ఆగిపోతున్నాయని కారణం చెప్పారు. యంత్రం పరంగా అది నిజమే. కానీ ఆ నియమం తగిలింది ఎవరికి? శంషాబాద్‌లో గల్ఫ్ విమానం దిగినప్పుడు బెల్టు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. నాలుగు వైపులా నైలాన్ తాడు బిగించిన అట్టపెట్టెలు వరసగా వస్తాయి. ఒక్కోదాని మీద మార్కర్‌తో పేరు, కింద జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల. పేరు అన్ని వైపులా రాసి ఉంటుంది, ఎటు తిరిగి వచ్చినా కనబడాలని. కొన్నేళ్ల సంపాదనలో ఇంటికి తెచ్చే దుప్పట్లు, పాల పొడి, పిల్లల బొమ్మలు అందులో ఉంటాయి. పదంకెల బార్‌కోడు ఉన్నా సరే, ఆ మనిషి నమ్మకం తను రాసుకున్న పేరు మీదే.

వస్తువుల విషయంలోనూ ఇంతే. విమానం కొబ్బరిని నిప్పంటుకునే సరుకుగా చూస్తుంది కాబట్టి ఇరుముడిలో కొబ్బరికాయతో శబరిమల వెళ్లే అయ్యప్ప భక్తులు ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డారు. మామూలుగా అది చెకిన్‌లోనే పోవాలి; 2024 అక్టోబరులో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఆ సీజన్ వరకు ఇరుముడిని చేతిలో తీసుకెళ్లొచ్చని ప్రకటించారు. తలమీది ఇరుముడిని బెల్టు మీద వదిలి వెళ్లడం దీక్షలో ఉన్న మనిషికి ఎంత కష్టమో రైల్లో శబరిమల వెళ్లినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రైల్లో ఇరుముడి ఒళ్లోనే ఉంటుంది.

మోసేవాళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం విమానమే మేలు. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటకూడదన్న నియమం లోడర్ల నడుము కోసం పెట్టింది. డబ్బు కడతానన్నా ఒప్పుకోరు, రెండు బ్యాగులుగా సర్దుకోమంటారు. మన స్టేషన్లలో ఎర్రచొక్కా కూలీ తల మీద ఒకటి, భుజానికి ఒకటి, చేతిలో ఒకటి పెట్టుకుని మెట్లెక్కుతుంటే వద్దనే వాళ్లుండరు. 2016 బడ్జెట్‌లో వాళ్ల పేరు సహాయక్ అని మార్చారు. బరువు తగ్గలేదు.

విమాన సంస్థల మీద నా ఫిర్యాదు వేరు. పూచీ తీసుకున్నట్టే తీసుకుని మెల్లగా తప్పుకునే దారులు అవి చాలా కనిపెట్టాయి. బ్యాగు కాస్త పాతదిగా ఉందనో లోపల గాజు ఉందనో 'లిమిటెడ్ రిలీజ్' ట్యాగు కట్టి సంతకం పెట్టించుకుంటారు. వెనకున్న క్యూ చూసి తొందరలో ప్రయాణికుడు సంతకం చేస్తాడు, చదవడు. పగిలితే ఆ సంతకమే చూపిస్తారు. బ్యాగు ఆలస్యమైతే ఫోన్ ఎత్తే దిక్కుండదు. దిగాక బెల్టు దగ్గర నిలబెట్టడం కూడా ఎంత పెరిగిందంటే, 2024 ఫిబ్రవరిలో పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఏడు సంస్థలను, చివరి బ్యాగు కూడా 30 నిమిషాల్లో రావాలని ఆదేశించాల్సి వచ్చింది.

రెండింటిలో ఏది మంచిదంటే, సామాను తీసుకెళ్లనిచ్చేది రైలు, సామానుకు జవాబు చెప్పేది విమానం. మొదటిది పేదవాడికి ప్రాణం. దాన్ని ముట్టుకోకుండా రెండోది రైలుకు తేవచ్చు. టికెట్ బుక్ చేసే యాప్‌లోనే పెద్ద పెట్టెను బ్రేక్ వ్యాన్‌కు బుక్ చేసుకునే వీలు, దానికో నంబరున్న ట్యాగు, దిగే స్టేషన్లో అప్పగించే కౌంటరు పెడితే చాలు. ఇష్టమున్న వాళ్లే వాడతారు. వృద్ధులూ, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లూ, చంటిపిల్లల తల్లులూ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. మిగతా వాళ్లు ఎప్పట్లాగే బెర్తు కింద పెట్టుకుంటారు. మర్చిపోయిన సామాను వెతికి అప్పగించడంలో ఆర్‌పీఎఫ్ 'ఆపరేషన్ అమానత్' పేరుతో మంచి పని చేస్తోంది. అంటే రైల్వేకు చేతకాక కాదు, పూచీ తీసుకోవాలని ఎవరూ గట్టిగా అడగక. ఆ కిలోకు వంద రూపాయల పరిమితిని కూడా మాంట్రియల్ పద్ధతిలో ఐదేళ్లకోసారి సమీక్షించాలి.

అది జరిగేలోగా ప్రయాణం చేసేవాళ్లకు ఒక మాట. విమానంలో బ్యాగు రాకపోయినా, విరిగినా బయటికి రాకముందే కౌంటర్లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించుకోండి. అంతర్జాతీయ ప్రయాణంలో పాడైన బ్యాగు గురించి 7 రోజుల్లోగా, ఆలస్యంగా వచ్చినదాని గురించి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వకపోతే హక్కు పోతుంది. రైల్లో సామాను పోతే 139కి ఫోన్ చేయండి. కదిలే బండిలోనే టీటీఈ దగ్గర ఎఫ్‌ఐఆర్ ఫారం అడిగి తీసుకోవచ్చు, దిగేదాకా ఆగనక్కర్లేదు. బుక్ చేసిన లగేజీ పోతే రైల్వేకు ఆరు నెలల్లోగా నోటీసు ఇవ్వాలి. అందులో విలువైన వస్తువులుంటే బుక్ చేసేటప్పుడే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టండి.